బస్తా విప్పి చూపించు: ఒక యువ రచయితకు లేఖ

రాయగడ

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పర్లాకిమిడిలో ఉంటూ, వలస పాలన నుంచి బయటపడ్డ ఘనా గురించీ జాంబియా గురించీ తెలుగులో రాయాలని పూనుకోవడం నాకెంతో సంతోషం. అయితే మొదటి పేజీలో "ఆర్థిక స్వాతంత్ర్యం" అన్న మాట 11 చోట్ల ఉంది, అదెలా ఉంటుందో ఒక్కచోటా కనబడలేదు. జెండా మారినా దోపిడీ ఆగలేదన్నావు. నిజమే. ఎవరు, ఏ సరుకులో, ఏ మజిలీ దగ్గర ఎంత మిగుల్చుకున్నారో చెప్పకపోతే, చదివేవాళ్లు తలూపి పేజీ తిప్పేస్తారు.

అందుకే ఒక సరుకు పట్టుకో. చెట్టు దగ్గర మొదలుపెట్టి ఓడ దాకా దాని వెంటే నడువు. ప్రతి మజిలీలో అడగాల్సినవి ఇవి: ధర ఎవరు పెట్టారు, ఏ దేశపు డబ్బులో పెట్టారు, యంత్రం ఎవరిది, ధర పడిపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది.

నీకు జీడి ఉంది. మోహనా, ఆర్. ఉదయగిరి కొండల్లో సవరలు ఏరిన పిక్కలు బస్తాల్లోకి ఎక్కే చోటు నీ జిల్లాలోనే ఉంది. బస్తా 80 కిలోలు. ప్రపంచమంతా పిక్కల నాణ్యతను ఆ 80 కిలోల్లో ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందో చూసి కడతారు. 48 పౌండ్లు దిగితే మంచి సరుకు, అంటే దాదాపు 21.8 కిలోలు. మిగతాదంతా పెంకు, పొట్టు, తేమ. ఆ తర్వాత పని చూడు. ఎండబెట్టాలి, ఆవిరి పట్టాలి, చల్లార్చాలి, కత్తి పీట మీద పెంకు కోయాలి, బోర్మాలో, అంటే పప్పు ఆరబెట్టే పొయ్యిలో, వేడి చేసి పొట్టు తీయాలి, సైజులవారీగా ఏరాలి. డబ్ల్యూ 320 అంటే పౌండుకు 320కి మించకుండా తూగే నిండు పప్పు. అది బద్దయితే ధర తగ్గుతుంది, ముక్కయితే ఇంకా తగ్గుతుంది. ఆవిరి తక్కువైతే పెంకు లొంగదు, పప్పు విరుగుతుంది. పెంకులోని జీడి నూనె ఆడవాళ్ల వేళ్లను కాల్చేస్తుంది, అందుకే బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు. ముడి పిక్క అమ్మిన దేశానికీ పప్పు అమ్మిన దేశానికీ ఉన్న తేడా అంతా ఈ మెట్లలోనే ఉంది.

ఇప్పుడు అక్కణ్నుంచి మొజాంబిక్ వెళ్లు. 1975లో స్వాతంత్ర్యం వచ్చింది. అంతకు కొద్ది ముందు దాకా జీడి పండించడంలో అది ప్రపంచంలో మొదటి వరసలో ఉండేది. పోర్చుగీసు యజమానులు వెళ్లిపోయారు, అంతర్యుద్ధం వచ్చింది, చెట్లు ముసలివయ్యాయి. ఫ్యాక్టరీలను బతికించుకోవాలని ముడి పిక్కల ఎగుమతికి అడ్డుకట్ట వేశారు. 1990లలో ప్రపంచ బ్యాంకు అప్పు షరతుగా ఆ కట్ట తెంచమంది. ముడి పిక్కల మీద ఎగుమతి సుంకం తగ్గించారు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వేలమంది పని పోయింది. రైతుకు లాభం వస్తుందని చెప్పారు గానీ, కొనేవాళ్లు కొద్దిమందే అయినప్పుడు పెరిగిన ధరలో చాలావాటా దారిలోనే ఆగిపోతుంది. ఆ కొనేవాళ్లెవరు? ప్రధానంగా మన దేశమే. ఈ మాట తప్పించుకోకు. మనం కూడా వలస పాలన నుంచి బయటపడ్డవాళ్లమే, ఇంకో కొత్త దేశపు ముడిసరుకు కొన్నవాళ్లమూ మనమే. నీ వ్యాసానికి బలం ఇక్కడే వస్తుంది. మొజాంబిక్ ఫ్యాక్టరీల తప్పు కూడా రాయి: పెద్ద మరలతో పగలగొట్టేవాళ్లు, పప్పు ఎక్కువ విరిగేది. మనవైపు చేతిపనిలో నిండు పప్పు ఎక్కువ నిలిచింది.

ఘనా గురించి రాసిన పేరా మొత్తం ఆ దేశపు తొలి అధ్యక్షుడు ఎన్‌క్రుమా ఉపన్యాసంలా ఉంది. ఆయన్ని కాసేపు పక్కన పెట్టి అకోసోంబో ఆనకట్టను చూడు. వోల్టా నది మీద కట్టారు, దాదాపు 80,000 మంది ఊళ్లు మునిగాయి. కరెంటులో సింహభాగం తేమాలోని అల్యూమినియం ఫ్యాక్టరీకి చవక రేటుకు ఏళ్ల తరబడి రాసిచ్చేశారు. ఘనా నేలలో అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ ఉంది, అయినా ఆ ఫ్యాక్టరీ అల్యూమినాను, అంటే బాక్సైట్ నుంచి తీసే పొడిని, బయటి దేశాల నుంచి తెప్పించుకుంది. అంటే ఘనా అమ్మింది తన కరెంటును. ఇది ఎందుకంత పెద్ద విషయమో మన పక్కనున్న కొరాపుట్ చెబుతుంది. పంచపత్‌మాలి కొండ మీది బాక్సైట్ 14.6 కిలోమీటర్ల కన్వేయర్ మీద దమన్‌జోడికి దిగుతుంది. రెండు మూడు టన్నుల బాక్సైట్‌కు ఒక టన్ను అల్యూమినా, రెండు టన్నుల అల్యూమినాకు ఒక టన్ను లోహం. ఆ చివరి మెట్టుకు టన్నుకు దాదాపు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. అందుకే కొంత అల్యూమినా అంగుల్‌లో లోహం తీసే స్మెల్టర్‌కు పోతుంది, కొంత పొడి రూపంలోనే విశాఖ రేవు నుంచి ఓడెక్కుతుంది. విలువ పెరగడమంటే ఏమిటో చూపించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నీకు దొరకదు.

రైలు దారులూ అంతే. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖకు, అక్కణ్నుంచి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను కొరాపుట్ కొండల మీదుగానే పోతుంది. జాంబియాకు సముద్రం లేదు. దాని రాగి దక్షిణాదిన రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) మీదుగా పోవాలి, 1965లో అక్కడ తెల్లవాళ్ల ప్రభుత్వం సొంతంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. దాంతో 1970–75 మధ్య చైనా ఇచ్చిన వడ్డీలేని అప్పుతో టాంజానియా రేవు దార్ ఎస్ సలాం దాకా 1,860 కిలోమీటర్ల తజారా లైను పడింది. ఒక దేశం ఖనిజం పోవడానికి దారి వేసింది, ఇంకో దేశం ఇంకొకరి గుప్పిట్లోంచి బయటపడడానికి వేసింది. రెంటినీ పక్కపక్కన పెట్టు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

జాంబియా 1969లో రాగి గనుల్లో 51 శాతం వాటా తీసుకుందని రాసి అక్కడితో ఆగావు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. వాటా ప్రభుత్వానిదైనా, గనులు నడపడం, సరుకు అమ్మడం ఒప్పందాల మీద పాత కంపెనీల చేతిలోనే కొన్నేళ్లు ఉండిపోయాయి. వాటి నుంచి బయటపడేసరికి 1975 వచ్చింది, రాగి ధర కుప్పకూలింది. నష్టం ఖజానా మీద పడింది. "జాతీయం చేశారు" అని ఎక్కడ రాసినా, కొనుగోలు డబ్బు ఎలా కట్టారు, మేనేజరు ఎవరు, అమ్మేదెవరు అన్నవి కనుక్కుని రాయి.

డబ్బు సంగతి నీ వ్యాసంలో అసలు లేదు, చేర్చు. ఇండొనేషియా 1949లో అధికారంతో పాటు డచ్చి ప్రభుత్వం చేసిన 430 కోట్ల గిల్డర్ల అప్పునూ నెత్తిన పెట్టుకుంది. 1958లో గినీ ఫ్రాన్స్‌కు "వద్దు" అని ఓటేస్తే అధికారులు ఫైళ్లు, సామాను పట్టుకుని వెళ్లిపోయారు. ఆఫ్రికాలో ఎక్కువగా ఫ్రాన్స్ పాత వలసల్లో నడిచే డబ్బు సీఎఫ్‌ఏ ఫ్రాంక్. ఆ దేశాల్లో 1994 జనవరిలో ఒక ఫ్రెంచి ఫ్రాంకుకు 50 ఉన్న రేటు 100 అయింది. అక్కడ మందుబిళ్ల ధర ఏమైందో ఊహించగలవు.

ఇక లెక్కలు, ఎక్కువమంది దొరికిపోయేది వీటి దగ్గరే. పాత బ్రిటిష్ కాగితాల్లో టన్ను అంటే 1,016 కిలోలు, అమెరికా వాళ్ల చిన్న టన్ను 907 కిలోలు. డాలరును రూపాయల్లోకి మారిస్తే తేదీ చూసుకో, 1966 జూన్ 6న 4.76 కాస్తా 7.50 అయింది. ముడిసరుకు ధరలు పడుతూ వచ్చాయని చూపించడానికి నువ్వు 1951తో మొదలుపెట్టావు. అది కొరియా యుద్ధపు గిరాకీ ఏడాది, ధరలు ఆకాశంలో ఉన్నాయి. అక్కణ్నుంచి గీత గీస్తే ఏదైనా లోయలోకే దిగుతుంది. తయారీ సరుకుల ధరలతో పోలిస్తే ముడిసరుకు ధరలు పడుతూ వస్తాయని ఆర్థికవేత్తలు ప్రెబిష్, సింగర్ 1950లో చెప్పిన వాదన చాలా పొడుగు కాలానిది. కనీసం రెండు మూడు ఏళ్లను మొదలుగా పెట్టి చూడు, వాదన నిలిస్తేనే రాయి.

ఇక భాష గురించి ఒక్క మాట. మీ ఊళ్లో పాఠాలు చెబుతూనే గిడుగువారు వాడుక తెలుగు కోసం పోరాడారు, సవర నేర్చుకున్నారు. "విదేశీ మారక ద్రవ్య నిల్వలు" అనే ముందు "బయటి సరుకు కొనడానికి దాచుకున్న డాలర్లు" అని ఒకసారి చెప్పు. తర్వాత పెద్ద మాట వాడినా ఎవరూ తడబడరు.

ముందు జీడి భాగం ఒక్కటే తిరగరాసి పంపు. బస్తా తూకం, దిగిన పప్పు, ఆ వారం ధర, తేదీ అంచున వేసి ఉంచు. వాటిని సరిచూశాక ఘనా మొదలుపెడదాం.

మీ అన్నయ్య