నడుం నొప్పి ఉంటే వ్యాయామం మానక్కర్లేదు, క్రంచెస్ మానండి

"డిస్క్ బల్జ్ ఉందన్నారు, ఏడాదిగా నొప్పి వస్తూ పోతూ ఉంది. పొట్ట, తొడలు తగ్గించుకోవాలి, జిమ్‌కి వెళ్తే నడుం ఇంకా పాడవుతుందేమోనని భయం" అని అడిగారు. నాదీ అదే కథ కాబట్టి రాస్తున్నా. నేను డాక్టర్ని కాదండి, విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తులో ఉండే 43 ఏళ్ళ గృహిణిని.

నాకు నడుం పట్టేసింది జిమ్‌లో కాదు, వంటింట్లో. 20 లీటర్ల నీళ్ళ క్యాన్ వంగి ఎత్తి, అలాగే పక్కకి తిరిగి స్టాండు మీద పెట్టబోయాను. కలుక్కుమంది. నాలుగు రోజులు గోడ పట్టుకునే నడిచాను. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 (నడుం కింది భాగంలో రెండు వెన్నుపూసల మధ్య) దగ్గర బల్జ్, అంటే ఆ మధ్యలో మెత్తగా ఉండే డిస్కు కాస్త బయటికి ఉబ్బిందని రాశారు. ఆ కాగితం పెట్టిన టెన్షన్ నొప్పి కూడా పెట్టలేదు. నొప్పే లేనివాళ్ళకి స్కాన్ తీసినా చాలామందిలో బల్జ్ కనిపిస్తుందని ఫిజియో చెప్పాకే నిద్రపట్టింది.

అప్పటికే ఆరు నెలలు బెల్టు కట్టుకుని కూర్చున్నా. ఆరు కిలోలు పెరిగాను, నడుం మాత్రం బాగుపడలేదు. దీర్ఘకాలిక నడుం నొప్పికి వ్యాయామం మంచిదనీ, బెల్టులు, ట్రాక్షన్ (బరువులతో నడుం లాగి పట్టడం) మామూలుగా వాడొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ మాట నాకు కాస్త ముందే తెలిసుంటే బాగుండేది.

తర్వాత జిమ్‌లో చేరి ఇంకో తప్పు చేశాను. ఉదయం అయిదున్నరకి, లేచీ లేవగానే, 50 క్రంచెస్, అంటే వెల్లకిలా పడుకుని వీపు వంచి పైకి లేవడం. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. అందుకే ఇప్పుడు ఆ గంటలో వంగే పనేదీ పెట్టుకోను. వాకిట్లో ముగ్గు మా అత్తయ్యకే వదిలేశా, ఆవిడ నడుం నాకంటే గట్టిది!

నాకు పనిచేసినవి కెనడా వెన్నెముక నిపుణుడు స్టూవర్ట్ మెక్‌గిల్ చెప్పే మూడు. ఒక మోకాలు మడిచి, అరచేతులు నడుం కింద పెట్టి, తల, భుజాలు నేల నుంచి కొద్దిగా మాత్రమే లేపే కర్ల్-అప్. పక్కకి పడుకుని మోచెయ్యి, మోకాళ్ళ మీద నడుం పైకి లేపి ఉంచే సైడ్ ప్లాంక్. చేతులు, మోకాళ్ళ మీద ఉండి ఒక చెయ్యి, ఎదురు కాలు చాపే బర్డ్ డాగ్. ఒక్కోటీ 10 సెకన్లు ఆపి వదలాలి, చెమటలు కక్కేదాకా కాదు. నెల తర్వాత గ్లూట్ బ్రిడ్జి (వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులు పైకి లేపడం), తేలిక బరువుతో కూర్చుని లాగే రో కలిపాను. వంగడం కూడా మళ్ళీ నేర్చుకున్నా: వీపు తిన్నగా ఉంచి, పిరుదులు వెనక్కి నెట్టి.

ఇక పొట్ట సంగతి. ఎన్ని క్రంచెస్ చేసినా కొవ్వు అక్కడే కరగదు. నాకు రాత్రి అన్నం సగం చేసి, పప్పు, గుడ్డు పెంచడమే కలిసొచ్చింది. నడక సరేసరి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో, నొప్పి తగ్గాక నడక కార్యక్రమం పెట్టుకున్న వాళ్ళకి అది తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టింది, పెట్టుకోని వాళ్ళకి 112.

నేను నడిచేది కాళీమాత గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ దాటి, పొద్దున్నే. కానీ రోడ్డు మీదే, ఇసకలో కాదు. సముద్రం వైపు ఇసక వాలుగా ఉంటుంది, ఒక కాలు కిందికి, ఒకటి పైకి, నడుం పక్కకి వంగిపోతుంది. మొదట్లో ఇసకైతే మెత్తగా ఉంటుందిలే అనుకుని రెండు వారాలు బాధపడ్డాను. సింహాచలం మెట్లు ఎక్కడం నాకు ఇబ్బంది లేదు, దిగడమే పడదు. బస్సులో దిగుతా, స్వామి ఏమీ అనుకోడు.

చేసిన రోజు కాస్త బిగుతుగా ఉండి మర్నాటికి తగ్గితే పర్వాలేదు. నొప్పి కాలి కిందికి పాకుతుంటే ఆపేయండి. కాలు బలహీనమవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం కనిపిస్తే వ్యాయామం మాట మర్చిపోయి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

మీకు నొప్పి నడుం దగ్గరే ఆగుతుందా, కాల్లోకి దిగుతుందా? కూర్చుంటే ఎక్కువా, నిలబడితే ఎక్కువా? అది మీరు రాయలేదు. ఫిజియో మొదట అడిగేదీ అదే, చూసుకుని వెళ్ళండి.