ఒక గదిలో పాట మొదలైతే మరో గదిలో ఆగిపోతోంది

ప్రశ్న: పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న వీణ కచేరీలు, హరికథలు మా హాల్లోని కంప్యూటరులో ఉన్నాయి. వాటిని ఇంట్లోని ప్లేయర్లకు అందించే లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే ప్రోగ్రాం అందులోనే నడుస్తోంది. హాలు స్పీకర్లకు అదే కంప్యూటరులో ఒక స్క్వీజ్‌లైట్ (సర్వర్ పంపే పాటను వినిపించే ప్లేయర్ ప్రోగ్రాం), మేడ మీద గదిలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరులో మరొకటి పెట్టాను. కింద కుదిరిన ఆప్షన్ల వరుసనే పైదానికీ కాపీ చేసి, పేరు మాత్రం మార్చాను. ఇప్పుడు పైది ఆన్ చేయగానే కింద పాట ఆగిపోతోంది. కాసేపటికి తారుమారవుతోంది. ఫోనులో ఒకే ప్లేయర్ కనిపిస్తోంది. సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఫలితం లేదు. – ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఫోనులో ఒకే ప్లేయర్ కనిపిస్తోందని రాశారు కదా, కారణం అక్కడే ఉంది. సర్వర్ ప్లేయర్లను గుర్తుపట్టేది మనం పెట్టిన పేరుతో కాదు, మ్యాక్ అడ్రస్‌తో, అంటే నెట్‌వర్క్‌లో యంత్రానికి ఉండే గుర్తింపు సంఖ్యతో. మామూలుగా స్క్వీజ్‌లైట్ దాన్ని తానున్న యంత్రం నుంచే తీసుకుంటుంది కాబట్టి రెండు యంత్రాల మధ్య తగాదా రాదు. అయితే మీరు కాపీ చేసిన వరుసలో హైఫన్, దాని పక్కన చిన్న ఎం, ఆపైన ఒక అడ్రస్ ఉంటే, రెండు ప్లేయర్లూ ఒకే అడ్రస్ చెప్పుకుంటున్నాయన్నమాట. అప్పుడు సర్వర్, పాత ప్లేయరే మళ్లీ కలిసిందనుకుని మొదటి కనెక్షన్‌ను వదిలేస్తుంది; వదిలించుకున్నది ఊరుకోక తిరిగి కలుస్తుంది; ఆ దెబ్బకు రెండోది తెగిపోతుంది.

రెండింటినీ ఆపి, మేడ మీది రాస్ప్‌బెర్రీ పైలో ఆ భాగాన్ని తీసేసి, మళ్లీ మొదలుపెట్టండి. ఫోనులో రెండు పేర్లు కనిపించాలి. అడ్రస్ మారిన ప్లేయర్‌ను సర్వర్ కొత్తదిగానే చూస్తుంది కనుక వాల్యూమ్ వంటి సెట్టింగులు మళ్లీ పెట్టుకోవలసి వస్తుంది. హాలు ప్లేయర్‌ను కాకుండా మేడ మీదిదాన్నే మార్చమనడం అందుకే. ఒకే కంప్యూటరులో రెండు సౌండ్ కార్డులకు రెండు స్క్వీజ్‌లైట్లు నడిపేవారికి మాత్రం ఈ ఆప్షన్ తప్పనిసరి, ఎందుకంటే అక్కడ యంత్రం ఒక్కటే. ఇలాంటి తగాదాల్లో సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, నా దృష్టిలో, చిట్టచివర చేయవలసిన పని.

ప్రశ్న: మేడ మీద రెండో రౌటర్ పెట్టాక అక్కడి ప్లేయర్‌కు సర్వర్ దొరకడం లేదు. కింద బాగానే ఉంది. – ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: ప్లేయర్ మొదట 3483 పోర్టు (నెట్‌వర్క్ సందేశాలు వచ్చిపోయే ద్వారం నంబరు) మీద ఇల్లంతా వినబడేలా కేక వేసి సర్వర్‌ను వెతుకుతుంది. ఆ కేక రౌటర్‌ను దాటి పోదు. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా వైఫై మాత్రం అందించే) పద్ధతిలోకి మార్చడం అన్నిటికన్నా మంచిది. అప్పుడు ఇంట్లో ఒకే నెట్‌వర్క్ ఉంటుంది. ఆ సౌకర్యం లేకపోతే, స్క్వీజ్‌లైట్‌లో హైఫన్, చిన్న ఎస్ ఆప్షన్ పక్కన సర్వర్ ఐపీ అడ్రస్ (రౌటర్ ఆ కంప్యూటరుకు ఇచ్చే నంబరు) రాయండి. అలా రాసినవారు కింది రౌటర్‌లో ఆ అడ్రస్‌ను సర్వర్ కంప్యూటరుకే కేటాయించి ఉంచాలి. లేకుంటే కరెంటు పోయి వచ్చాక రౌటర్ వేరే అడ్రస్ ఇచ్చే అవకాశం ఉంది, అప్పుడు మీరు రాసినది పనికిరాదు.

సర్వర్ విండోస్ మీద ఉంటే ఫైర్‌వాల్‌లో 3483, 9000 పోర్టులకు అనుమతి ఉందో లేదో కూడా చూడండి. పాత సూచనలన్నీ లాజిటెక్ మీడియా సర్వర్ అనే పేరుతో ఉంటాయి. 2024లో ఆ పేరు లిరియన్‌గా మారింది గానీ ఈ పోర్టులు మారలేదు.