ముడుమాల్ నిలువురాళ్ళ మ్యాప్‌లో వాలు 89 డిగ్రీలు ఎందుకు వస్తోంది?

మీరు అడిగింది రెండు సమస్యలు: పురాతన నిలువురాళ్ళ జీపీఎస్ పాయింట్లు నార్వేకి ఉత్తరాన మంచులో పడటం, మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో స్లోప్ (నేల వాలు) వేస్తే పొలాలన్నీ నిట్టనిలువు కొండల్లా రావడం.

మొదటిది చిన్నదే. ఎక్స్ గడిలో లాంగిట్యూడ్ (రేఖాంశం, 77.4), వై గడిలో లాటిట్యూడ్ (అక్షాంశం, 16.4) ఉండాలి. తారుమారైతే నారాయణపేట జిల్లా నుంచి నేరుగా స్వాల్‌బార్డ్ దీవులకు వెళ్ళిపోతారు!

అసలు తిప్పలు రెండోదానితోనే. ఎస్ఆర్‌టీఎం (ఉపగ్రహ కక్ష్య నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తుల డేటా) ఫైల్లో ఎత్తు మీటర్లలో, అడ్డం దూరం మాత్రం డిగ్రీల్లో ఉంటుంది. ఒక పిక్సెల్ వెడల్పు 0.000278 డిగ్రీ, అంటే నేలమీద సుమారు 30 మీటర్లు. సాఫ్ట్‌వేర్ దాన్నీ మీటర్లే అనుకుంటుంది. దాంతో మీటరు ఎత్తు తేడా ఉన్నా గోడే. రాస్టర్ మెనూలోని వార్ప్‌తో ఫైల్‌ను యూటీఎంలోకి (దూరాలను మీటర్లలో కొలిచే మ్యాప్ పద్ధతి) మార్చి మళ్ళీ స్లోప్ వేయండి. లేయర్ సీఆర్ఎస్ (అక్షాంశ రేఖాంశాల కొలత పద్ధతి) పేరు మారిస్తే సరిపోదు, అది లేబుల్ మార్చడమే. రీశాంప్లింగ్‌లో (కొత్త పిక్సెళ్ళకు విలువలు లెక్కించే పద్ధతి) బైలీనియర్ ఎంచుకోండి, లేదంటే హిల్‌షేడ్‌లో (వెలుగునీడలతో నేల ఎగుడుదిగుడులు చూపే చిత్రం) చారలు కనిపిస్తాయి.

హైదరాబాద్ అలవాటుకొద్దీ యూటీఎంలో 44ఎన్ జోన్ పెట్టేస్తుంటాం. ముడుమాల్ 78 డిగ్రీల రేఖాంశానికి పడమరన ఉంది కాబట్టి 43ఎన్, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకోవాల్సిన కోడ్ ఈపీఎస్‌జీ 32643.

పాత టోపోషీట్ (సర్వే మ్యాప్) కూడా వాడుతుంటే దాని డేటమ్ (కొలతలకు ఆధారంగా తీసుకున్న భూమి ఆకారం) ఎవరెస్ట్. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అని ఇచ్చేస్తే రాళ్ళు వంద మీటర్లకు పైగా జరుగుతాయి. ఇక 30 మీటర్ల పిక్సెల్‌లో నిలువురాళ్ళు కనిపిస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకండి.