మీటర్ వెనక్కి తిప్పిన కారు: క్లస్టర్‌ను ముట్టుకోకండి

ప్రశ్న: 2024 జూన్ 12న హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్ దగ్గర 5.40 లక్షలకు డీజిల్ కారు కొన్నాను. మీటర్ 46,200 కి.మీ. చూపించింది. నవంబర్‌లో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, 2023 ఆగస్టులోనే ఈ కారు 1,18,400 కి.మీ. దగ్గర సర్వీసుకు వచ్చినట్టు కంప్యూటర్‌లో ఉందన్నారు. డీలర్‌ను నిలదీస్తే, "పాత ఓనర్ మీటర్‌లో ఎల్ఈడీ లైట్లు వేయించి ముళ్లు కాలిబ్రేట్ చేయించాడు, టైర్లు కూడా పెద్దవి, అందుకే రీడింగ్ తేడా" అని వాట్సాప్‌లో ఎగతాళిగా రాశాడు. అది మా నాన్న రిటైర్మెంట్ డబ్బు, ఇంట్లో తలెత్తుకోలేకపోతున్నాను. ఒక మెకానిక్ 4,000 ఇస్తే అసలు రీడింగ్ తిరిగి ఎక్కిస్తానంటున్నాడు. ఉన్నదున్నట్టు ఇంకొకరికి అమ్మేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. డీలర్‌పై చీటింగ్ కేసు పెట్టవచ్చా? మీటర్ తిప్పింది అతనేనని ఎలా రుజువు చేయాలి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీటర్ ఎవరు తిప్పారో మీరు రుజువు చేయనక్కర్లేదు. వినియోగదారుల కమిషన్ ముందు మీ కేసు రెండు కాగితాల మీద నిలబడుతుంది. ఒకటి, డీలర్ 46,200 అని రాసిచ్చిన కాగితం. రెండోది, అమ్మకానికి ముందే అంతకన్నా ఎక్కువ రీడింగ్ నమోదైన కాగితం. ఈ రెండూ ఉంటే తప్పుడు రీడింగ్ చెప్పి అమ్మినట్టే. అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అనుచిత వ్యాపార పద్ధతి.

ఇప్పుడు మీ చేతిలో ఏముందో చూద్దాం. "కంప్యూటర్‌లో ఉందన్నారు" అన్నది సాక్ష్యం కాదు, వినికిడి. ఆ రోజే ప్రింటు అడగకుండా ఎందుకు వచ్చేశారు? ఆర్సీ తీసుకుని మళ్లీ వెళ్లి, ఛాసిస్ నంబరు, తేదీలు, కి.మీ. కనిపించేలా సర్వీస్ హిస్టరీ ముద్ర వేయించి తీసుకోండి. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడిగి రసీదు ఉంచుకోండి. సెక్షన్ 38 కింద ఆ రికార్డును కమిషనే తెప్పించగలదు. పాత ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఏదైనా ఉంటే సర్వేయర్ రిపోర్టులోనూ రీడింగ్ ఉంటుంది. డీలర్ పెట్టిన ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి ఉంచారా? లేకపోతే, డెలివరీ నోటులో 46,200 ఉందా? "కి.మీ. రీడింగుకు బాధ్యత లేదు" అనే వాక్యం కింద చదవకుండా సంతకం పెట్టి ఉంటే అది మీ అజాగ్రత్తే. అయినా మోసానికి ఆ వాక్యం కవచం కాదు, భయపడకండి.

మీరు అవమానంగా తీసుకున్న ఆ వాట్సాప్ మెసేజ్ చూడండి. క్లస్టర్ (స్టీరింగ్ ముందుండే మీటర్ల పెట్టె) విప్పారని తనకు తెలుసునని డీలర్ తన చేత్తో రాసిచ్చాడు. పైగా అతని సమర్థన సాంకేతికంగా నిలవదు. క్లస్టర్‌లో ఒక్కో ముల్లును ఒక్కో చిన్న స్టెప్పర్ మోటారు తిప్పుతుంది. లైట్లు మార్చడానికి ముళ్లు పీకి, తిరిగి సరైన చోట గుచ్చకపోతే వేగమో, డీజిల్ మట్టమో తప్పు చూపిస్తుంది. అంతవరకే. కి.మీ. అంకె బోర్డు మీది మెమరీ చిప్‌లోనో ప్రాసెసర్‌లోనో ఉంటుంది. ముల్లును ఎంత సరిచేసినా అది కదలదు. దాన్ని తగ్గించాలంటే ఎవరో పని పెట్టుకుని కొత్త అంకె రాయాలి, లేదా తక్కువ తిరిగిన వేరే క్లస్టర్ బిగించాలి. ఇక టైర్ల సంగతి. 195/65 ఆర్15 బదులు 205/65 ఆర్15 వేస్తే వ్యాసం 634.5 మి.మీ. నుంచి 647.5 మి.మీ.కు పెరుగుతుంది, అంటే రెండు శాతం. లక్ష కి.మీ. తిరిగితే రెండు వేలు తేడా రావచ్చు. డెబ్బై రెండు వేలు ఎక్కడికి పోయాయో టైర్లు చెప్పలేవు. ఆ చాట్‌ను డిలీట్ చేయకండి, ఫోను మార్చకండి. ప్రింటుతో పాటు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జత చేయాలి.

ఆ 4,000 రూపాయల మెకానిక్‌ను గడప తొక్కనివ్వకండి. క్లస్టరే మీ వస్తు సాక్ష్యం. ఒక్కసారి దాని మీద టంకం వేడి తగిలితే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో డీలర్ వకీలు అడిగేది ఒకే ప్రశ్న: "మీటర్ విప్పించింది మీరే కదా?" అక్కడితో సరి. అదే రీడింగుతో అమ్మేయడం ఇంకా ప్రమాదం. నిజం తెలిసి దాచి అమ్మితే, ఈ రోజు డీలర్ మీద మీరు పెట్టాలనుకుంటున్న చీటింగ్ కేసే రేపు మీ మీద పడుతుంది.

విప్పకుండా చేయగలిగింది ఒకటుంది. కొన్ని మోడళ్లలో ఇంజన్, గేర్‌బాక్స్, బాడీ కంట్రోల్ యూనిట్లు తిరిగిన దూరాన్ని విడిగా దాచుకుంటాయి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఓబీడీ పోర్టు (కారు కంప్యూటర్లను చదివే సాకెట్) ద్వారా స్కాన్ చేయించి, ఛాసిస్ నంబరు, తేదీ, టెక్నీషియన్ సంతకంతో రిపోర్టు తీసుకోండి. చదవడం మాత్రమే; ఫాల్ట్ కోడ్లు క్లియర్ చేయనివ్వకండి, వాటితో నమోదైన వివరాలు పోతాయి. ఆ యూనిట్లలో ఏమీ దొరక్కపోయినా కేసుకు నష్టం లేదు.

గడువు విషయంలో ఏమాత్రం ఉదాసీనత వద్దు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. మోసం తెలిసిన నవంబర్ నుంచి లెక్కిద్దామని మీకు అనిపించవచ్చు, కానీ "అప్పుడే విచారించుకుంటే తెలిసేది" అని డీలర్ వాదిస్తాడు. డెలివరీ తేదీ నుంచే లెక్కేసి 2026 జూన్ 12 లోపు దాఖలు చేయండి. "చూద్దాం, సెటిల్ చేద్దాం" అనే ఫోన్లు గానీ, మీరు పంపే లీగల్ నోటీసు గానీ గడువును ఆపవు. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు, కానీ తగిన కారణం చూపాలి.

మీరు కరీంనగర్ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోట దాఖలుకు సెక్షన్ 34 వీలిస్తుంది. 5.40 లక్షలకు రుసుము 200 రూపాయలు. కారు వెనక్కి తీసుకుని డబ్బు వడ్డీతో ఇవ్వాలని ప్రధానంగా, కాకుంటే 1.18 లక్షలు తిరిగిన కారు ధరకూ మీరిచ్చినదానికీ తేడా ఇవ్వాలని ప్రత్యామ్నాయంగా కోరండి. రెండో కోరికకు వాల్యుయేషన్ రిపోర్టు కావాలి.

డీలర్ కచ్చితంగా వేసే ఎత్తు ఇంకోటి: "యాజమాన్యం బదిలీ చేసే ఫారం 29, 30 మీద సంతకం పాత ఓనర్‌ది, నేను మధ్యవర్తిని." డబ్బు ఎవరి ఖాతాకు వెళ్లింది? బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం అధీకృత డీలర్ వాహనం తీసుకున్నప్పుడు ఫారం 29సీ ద్వారా తెలియజేయాలి, మైలేజీతో సహా ట్రిప్ రిజిస్టర్ నిర్వహించాలి. ఆ రెండూ హాజరుపరచమని దరఖాస్తు వేయండి. తేకపోతే అదీ మీకే ఉపయోగం. పాత ఓనర్‌ను కూడా ప్రతివాదిగా చేర్చండి.

చీటింగ్ కేసు, అంటే అమ్మిన నాడు అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్ 420, పెట్టవచ్చు. కానీ అక్కడ అమ్మే నాటికే డీలర్‌కు తెలుసునని రుజువు కావాలి, డబ్బు తిరిగి ఇప్పించడం దాని పని కాదు. ముందు కమిషన్ ఫిర్యాదు వేయండి.

అంతవరకు కారును అవసరానికి మించి తిప్పకండి. కారు వద్దని అడుగుతూనే రోజూ దూరప్రయాణాలు చేస్తే ఆ కోరిక బలహీనపడుతుంది. నెలకోసారి మీటర్ ఫొటో తీసి ఉంచండి. క్లస్టర్ దానంతటదే చెడిపోతే కంపెనీ సెంటర్‌లోనే మార్పించి, పాత, కొత్త రీడింగులు జాబ్ కార్డులో రాయించి, పాతదాన్ని సీలు కవర్లో తెచ్చుకోండి.