అంతా క్షేమం అని రాయకండి

సింగరాయకొండ నుంచి రాసిన తమ్ముడికీ, చెల్లెమ్మకూ ప్రభువు నామంలో వందనాలు. జాంబియాకి సేవకి వస్తున్నామని రాసిన మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి మావారికి కూడా వినిపించాను. వీసా, పిల్లాడి బడి, ఏం సర్దుకోవాలి అని ఎనిమిది ప్రశ్నలు అడిగి, అన్నిటికంటే చివర చెల్లెమ్మ ఒక్క వాక్యం రాసింది చూడండి, "అక్కా, కష్టాల్లో విశ్వాసం పోకుండా ఎట్లా నిలబడ్డారు" అని, నా జవాబు చాలావరకు దానికే. మిగతావి ముందు గబగబా చెప్పేస్తాను.

మాది కావలి దగ్గర పల్లె. మావారు రామాయపట్నం సెమినరీలో చదివారు, నేను నెల్లూరులో నర్సింగ్ చేశాను. 2006లో జాంబియా వచ్చాం, రాగి గనులుండే ప్రాంతంలో, ఎన్డోలాకి బయట. అప్పటికి మా పాపకి మూడేళ్లు.

విజిటింగ్ వీసా మీద వచ్చి సేవ మొదలుపెట్టొద్దు, ఎవరు ఫర్వాలేదన్నా వినొద్దు. మిమ్మల్ని పిలుస్తున్న ఇక్కడి సంఘం చేతే పర్మిట్టుకి దరఖాస్తు పెట్టించండి. చెల్లెమ్మ కూడా నర్సే కాబట్టి చెబుతున్నా, ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదయ్యేదాకా పక్కింటి పిల్లాడికైనా సూది వేయకూడదు. మిమ్మల్ని పంపేవాళ్లతో వైద్యం ఖర్చు ఎవరిది, ఇంట్లో ఎవరైనా పోతే టికెట్టు ఎవరిది, బడి ఫీజు ఎవరిది అన్నది కాగితం మీద రాయించుకోండి. అలా అడిగితే విశ్వాసం లేనట్టు కాదు. ట్రస్టు ఖాతా నుంచి విదేశానికి డబ్బు పంపడానికి వేరే నిబంధనలుంటాయి, ఆడిటరును ముందే అడగమనండి. స్వెట్టర్లు తెచ్చుకోండి, ఆఫ్రికా అంటే ఎండే అనుకుని వస్తారు, జూన్ జూలైలో ఇక్కడ తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోతాయి.

తిండి గురించి భయం వద్దు. ఇక్కడి ముద్ద పేరు ఎన్‌షిమా, తెల్ల మొక్కజొన్న పిండిని మనం సంగటి కెలికినట్టే కర్రతో కెలుకుతారు, చిన్న ముద్ద తీసి బొటనవేలితో గుంట చేసి కూరలో అద్దుకుని తింటారు. గుమ్మడి ఆకులో వేరుశెనగ పొడి వేసి వండుతారు, పిల్లాడికి నచ్చుతుంది. కపెంటా అని చిన్న చేపలు ఎండబెట్టి సంతలో పోసి అమ్ముతారు. మొదటిసారి ఆ వాసన తగిలినప్పుడు తుమ్మలపెంట రేవులో ఇసుక మీద ఎండేసిన నెత్తళ్లు గుర్తొచ్చి, సంచీ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను.

జ్వరం వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఇక్కడి మలేరియా ఎక్కువగా ఫాల్సిపారం రకం, మెదడుకి ఎక్కుతుంది, గర్భిణులకీ పసిపిల్లలకీ మరీ ప్రమాదం. వేలి కొన నుంచి చుక్క రక్తం తీసి పావుగంట, ఇరవై నిమిషాల్లో తేల్చే పరీక్ష ఉంది. మందు మూడు రోజులు, ఆరు మోతాదులు. రెండో రోజుకే జ్వరం దిగినా ఆరూ వేసుకోవాలి, అదీ ఖాళీ కడుపున కాదు, పాలతోనో నూనె తగిలిన తిండితోనో వేసుకుంటేనే ఒంటబడుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2009 ఫిబ్రవరిలో, వానలు దంచుతున్న రోజుల్లో, నాకు ఐదో నెల. సాయంత్రం ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి, రాత్రికి చలి. అప్పుడు ఇండియా నుంచి సేవ చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన మా ఇంట్లోనే దిగి ఉన్నారు. పరీక్షలూ మందులూ ఎందుకమ్మా, విశ్వాసంతో ప్రార్థన చేద్దాం అన్నారు. నేను నర్సుని, నాకు తెలుసు. అయినా ఆయన ముందు నాకు విశ్వాసం తక్కువ అనిపించుకోలేక రెండు రోజులు ఆగాను. మూడో రోజు వాహనం బురదలో దిగబడి పదిహేను కిలోమీటర్లు పోవడానికి మూడు గంటలు పట్టింది. నేను బతికాను, బిడ్డ దక్కలేదు. మగబిడ్డ. మందిరం వెనక మామిడిచెట్టు కింద పెట్టాం.

మాకోసం ప్రార్థించి కానుకలు పంపే మన దేశపు విశ్వాసులకి నెలనెలా పంపే ప్రార్థన ఉత్తరం ఆ నెలాఖరున మావారు రాశారు. దాని నకలు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. "ప్రభువు కృపవల్ల కుటుంబమంతా క్షేమం. ఈ నెల నలుగురు బాప్తిస్మం పొందారు. ఆయనకే మహిమ." అంతే. నన్ను అడిగే రాశారు, నేనూ సరే అన్నాను. కష్టం చెబితే వీళ్లకి అసలు పిలుపు లేదేమో అనుకుంటారని ఒక భయం, కానుకలు ఆగిపోతాయని ఇంకో భయం, మా మాట వల్ల అక్కడి విశ్వాసులు డీలా పడతారేమోనని కూడా అనుకున్నాం. నేను ఎండిపోవడం అక్కణ్ణుంచి మొదలైంది చెల్లెమ్మా. బిడ్డ పోయినందుకు దేవుడి మీద కోపం వచ్చింది నిజమే, కానీ కోపంలో ఇంకా ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను. ఉత్తరంలో ఉన్న మనిషి వేరు, వంటింట్లో ఉన్న మనిషి వేరు అయిపోయాక, మోకరిస్తే ఈ ఇద్దరిలో ఎవరిగా మాట్లాడాలో తెలియలేదు, మాట ఆగిపోయింది. రెండేళ్లపాటు స్త్రీల కూడికలో పాటలు ఎత్తుకునేదాన్ని, పెదవులే కదిలేవి.

2011లో డబ్బు ఆగింది. పంపేచోట ఏవో గొడవలు, పెద్దలు మారారు, ఏడు నెలలు పైసా రాలేదు. అప్పుడు కూడా ఉత్తరాల్లో "మాకు ఏ కొదువా లేదు" అనే రాశాం. మా ఎదురింటావిడ భర్తకి గనిలో పని పోయింది, ఐదుగురు పిల్లలు. ఒక పొద్దున ఆమె డబ్బాడు మొక్కజొన్న పిండి, దాని మీద కాగితంలో చుట్టిన గుప్పెడు కపెంటా తెచ్చి వాకిట్లో మోకాళ్లు వంచి, డబ్బా కింద పెట్టి, రెండు అరచేతులూ దొప్పలా చేసి మెల్లగా తట్టింది. ఇక్కడ పెద్దలకి మర్యాద చేసే పద్ధతి అది. ఇచ్చేదీ తనే, మర్యాద చేసేదీ తనే. మీ కుంపటి రెండు రోజులుగా వెలగలేదు అంది. ఆమెకి మేం ఏమీ చెప్పలేదు, చూసి తెలుసుకుంది. మేం అబద్ధం చెప్పగలిగింది దూరాన ఉన్నవాళ్లకే అని నాకు ఆ గడపలో తెలిసింది.

ఆ రాత్రి నేనే కూర్చుని ఉత్తరం రాశాను, ఎనిమిది పేజీలు, బిడ్డ సంగతి, డబ్బు సంగతి, నాకు ప్రార్థన రావడం లేదన్న సంగతి, సంఘానికి నిక్కంగా వచ్చేది పదకొండు మందేనన్న సంగతి కూడా. పంపాక వారం రోజులు నిద్రలేదు. తర్వాత మా ఊరి నుంచి ఫోను. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేది, నా చిన్నప్పుడు సండే స్కూల్లో బెల్లంముక్క పెట్టి వాక్యాలు కంఠతా పట్టించింది. "ఏందమ్మే, బిడ్డ పోతే రెండేళ్లు మాకు చెప్పకుండా ఎట్లా ఉన్నావు? మీరు క్షేమమని రాస్తే మేం స్తుతి చేసుకుంటా కూర్చున్నాం గదమ్మే. మేం ఏడవాల్సింది కూడా నువ్వొక్కదానివే ఏడ్చావా" అంది. తర్వాత బిడ్డకి ఏం పేరు పెట్టారని అడిగింది. పెట్టలేదన్నాను. ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మా ఊరి ఆడవాళ్లే సమూయేలు అని పేరు పెట్టి, పేరుతో తలుచుకుని ఏడ్చారట. అది విన్న రోజు నాకు ప్రార్థన మళ్లీ వచ్చింది. ఇద్దరు ముగ్గురు కానుకలు ఆపేశారు, అది దాచను. మిగిలినవాళ్లు ఈ రోజుకీ ఆపలేదు.

మన జిల్లాల్లో పుట్టినవాళ్లకి ఇది తెలిసి ఉండాలి. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో మకాం పెట్టింది 1840లో. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆ లేమి సంగతి సముద్రం దాటి తెలిసింది కాబట్టే 1853లో ఒకసారి, 1862లో మళ్లీ, ఆ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఉన్న పెద్దలు ఆలోచించారు. వేలమంది ఉన్నారని రాసి ఉంటే ఆ చర్చే వచ్చేది కాదు. ఆ మిషన్‌లో పనిచేసిన జ్యూయెట్ దంపతులు ముగ్గురు తెలుగువాళ్లతో కలిసి 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థించింది ఆ దిగులు రోజుల్లోనే. మీరూ ఆ ప్రార్థన కొండ ఎక్కే ఉంటారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని ప్రతి సభలో చెబుతారు, కొండెక్కిన రోజుకీ గుండ్లకమ్మకీ మధ్య ఇరవై నాలుగేళ్లున్నాయని గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. మావారు చాలాకాలం ఆ 2,222ని మెడకి గుదిబండలా కట్టుకుని తిరిగారు, మాకు ఏడాదికి నలుగురు, ఒక్కో ఏడాది ఒక్కరూ లేరు. తమ్ముడూ, నువ్వు ఆ అంకె ఊళ్లోనే వదిలిపెట్టి రా.

నెల్లూరు నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు, మీరు మొదటివాళ్లు కాదు. దక్షిణాఫ్రికాలో నటాల్ తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల కోసం జాన్ రంగయ్యగారిని తెలుగు బాప్టిస్టు సంఘాలే 1903లో ఓడెక్కించాయి. కియర్స్నీ టీ తోటల దగ్గర సంఘం కట్టి, 1915లో అక్కడే కన్నుమూశారు. ఉత్తరం పోయి రావడానికి నెలలు పట్టే రోజులు. ఆయన వెళ్లింది మన భాష మాట్లాడేవాళ్ల దగ్గరికి, మీకు ఆ సౌకర్యం ఉండదు. అందుకే మొదటి ఏడాది ప్రసంగాలు తగ్గించుకుని ఇక్కడి భాష బెంబా నేర్చుకోండి. సంతలో "మూలి షాని", అంటే ఎలా ఉన్నారు, అని పలకరించి జవాబు కోసం ఆగండి. ఎవరింట్లో చావైనా వెళ్లండి, కాసేపు కనబడి రావడం కాదు, రాత్రికి ఉండండి, ఆడవాళ్లు లోపల చాపల మీద, మగవాళ్లు బయట మంట చుట్టూ. మాకు ఈ ఊరు దగ్గరైంది ప్రసంగాల వల్ల కాదు, ఆ రాత్రుల వల్ల.

2024లో ఇక్కడ వానలు పోయాయి. మొక్కజొన్న నిలువునా ఎండింది, కరిబా జలాశయం అడుగంటి కరెంటు రోజుకి కొద్ది గంటలే వచ్చేది, ప్రభుత్వం జాతీయ విపత్తు ప్రకటించింది. ఇంటి నుంచి వచ్చిన డబ్బుతో పిండి కొని పంచుతున్నప్పుడు, తీసుకున్నవాళ్లని ఆదివారం మందిరానికి రమ్మని చెబితే సంఖ్య పెరుగుతుంది కదా అని ఒకాయన సలహా ఇచ్చారు. మావారు ఒప్పుకోలేదు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాగుతుండగా బాప్తిస్మాలు ఆపేశారు. కొత్తపట్నం పోయే దారిలో ఆ కాలువ దాటినప్పుడల్లా మావారి నాన్నగారు బస్సులో ఈ సంగతి చెప్పేవారట. మేం పిండి ఇచ్చాం, ఎవరినీ రమ్మనలేదు. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో ఇంటికి ఉన్నది ఉన్నట్టు రాశాం.

చెల్లెమ్మా, దేవుడి మీద కోపం వస్తే ఆయనకే చెప్పు, దావీదు ఇంకెన్నాళ్లు మరచిపోతావని అడగలేదా. ఏలీయా చచ్చిపోతానని బదరీ వృక్షం కింద పడుకుంటే దేవదూత ముందు రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు, ఆ తర్వాతే ప్రయాణం. రాత్రి ఎనిమిదింటి తర్వాత తలుపు తట్టినవాళ్లకి, చావుబతుకుల మాటైతే తప్ప, పొద్దున రమ్మని చెప్పడం మేం పదేళ్లకి నేర్చుకున్నాం. మీరు మొదటి నెల నుంచే చెప్పండి. ఎంత బెంబా వచ్చినా ఇంట్లో ప్రార్థన తెలుగులోనే చేసుకోండి. వారంలో ఒక పూట ఇద్దరూ సేవ మాటెత్తకుండా కూర్చోండి, మా ఇంట్లో అది సోమవారం సాయంత్రం, మావారు వేరుశెనక్కాయలు వేయిస్తారు.

టికెట్టు ఖాయం కాగానే తేదీ చెప్పండి, ఎన్డోలా విమానాశ్రయానికి మేమే వస్తాం. ఇక్కడికీ ఇండియాకీ మూడున్నర గంటల తేడా, మీకు సాయంత్రం ఆరున్నర అయితే మాకు మూడు, ఆ వేళకి ఫోను చేస్తే ఖాళీగా ఉంటాను. ఊరగాయ రెండు కేజీలు చాలు, నెత్తళ్లు మోసుకురావద్దు. వచ్చాక మొదటి నెల ప్రార్థన ఉత్తరం రాస్తారు కదా, పంపేముందు ఒకసారి మా ఇంటికి తెచ్చి నాకు చదివి వినిపించండి.