గ్రానైట్ బ్లాకులకు పాత ట్రైలర్ కొంటే రోజూ ఏమేమి చూసుకోవాలి?

చీమకుర్తి క్వారీల నుంచి కృష్ణపట్నం ఓడరేవుకు బ్లాకులు తోలడానికి పాత ట్రైలర్ కొంటున్నానని, దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పమని అడిగారు. అదే దారిలో అదే లోడుతో చాలా కాలం బండి నడిపినవాడిగా చెబుతున్నాను. ఇంజనులో తేడా వస్తే శబ్దాన్ని బట్టే డ్రైవరుకు తెలిసిపోతుంది. ట్రైలర్‌లో వచ్చిన తేడా మాత్రం దిగి చూస్తేనే తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు ఫిఫ్త్ వీల్ సంగతి, అంటే ఇంజను బండి వెనక ట్రైలర్ తగులుకునే ఇనుప ప్లేటు. ట్రైలర్ ఉండవలసిన దానికంటే ఎత్తులో ఉన్నప్పుడు ఇంజను బండిని వెనక్కి పెడితే ట్రైలర్ అడుగున ఉండే కింగ్ పిన్ (లావు ఇనుప పిన్ను) ఫిఫ్త్ వీల్ దవడల్లో పడకుండా పైనే ఆగిపోవచ్చు. చూసేవారికి మాత్రం తగులుకున్నట్టే కనిపిస్తుంది. అందుకే టార్చి వేసి, రెండు ప్లేట్ల మధ్య సందు లేదని, దవడలు పిన్ను చుట్టూ మూసుకున్నాయని, దవడల లాక్ హ్యాండిల్ పూర్తిగా లోపలికి వెళ్లిందని కంటితో చూడాలి. ఆ తర్వాత జాకీ కాళ్లు (విడిచినప్పుడు ట్రైలర్ ముందుభాగాన్ని నిలబెట్టేవి) ఎత్తకముందే, ట్రైలర్ బ్రేకు వేసి ఉంచి, మొదటి గేరులో మెల్లగా ముందుకు లాగి చూడాలి. ఎంత తొందరలో ఉన్నా ఈ పని మానవద్దు.

ఇంజను బండి నుంచి ట్రైలర్‌కు గాలి తెచ్చే ఎర్ర ఎయిర్ పైపు తెగితే ట్రైలర్ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. అయితే స్ప్రింగ్ బ్రేకు (గాలి పోయినా స్ప్రింగు బలంతో పట్టి ఉంచేది) లేని పాత ట్రైలర్‌ను విడిచి నిలిపినప్పుడు, ట్యాంకులో గాలి దిగేకొద్దీ బ్రేకు వదులైపోతుంది కాబట్టి చక్రాలకు చెక్క అడ్లు పెట్టడం తప్పనిసరి. కొనేముందు ఈ విషయం అడిగి తెలుసుకోండి. ఎయిర్ ట్యాంకు అడుగున చేరే నీటిని రోజూ వదలాలి, లేకపోతే వాల్వులు తుప్పు పడతాయి.

గ్రానైట్ ఘనపు మీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది కనుక, చిన్నదిగా కనిపించే బ్లాకు కూడా మోసం చేస్తుంది. 2018లో పెంచిన పరిమితుల ప్రకారం ట్రైలర్ మూడు యాక్సిళ్లకు (ఇరుసులకు) కలిపి 27 టన్నులే అనుమతి. కాటా వేయించకుండా క్వారీ గేటు దాటకండి. బ్లాకు అడుగు చదునుగా ఉండదు కాబట్టి కింద చెక్క దిమ్మెలు వేసి, ముందువైపు ఇనుప స్టాపర్ పెట్టి, పైనుంచి చైన్లు బిగించాలి. గట్టిగా బ్రేకు వేస్తే రాయి క్యాబిన్ మీదకే వస్తుంది. కొంత దూరం పోయేసరికి చెక్క అణిగి చైను వదులవుతుంది కాబట్టి ఒంగోలు దాటాక ఆగి మళ్లీ బిగించుకోవాలి.

అక్కడే హబ్బుల (చక్రాల నడిమి భాగాల) దగ్గర చెయ్యి పెట్టి, తాకకుండానే వేడి గమనించండి. ఒక్క చక్రమే మిగతావాటికంటే బాగా వేడిగా ఉందంటే బ్రేకు పట్టుకుని ఉండాలి, లేదా బేరింగ్ పోతూ ఉండాలి. వీల్ నట్టు చుట్టూ తుప్పు చార కనిపిస్తే ఆ నట్టు కదులుతోందని అనుమానించాలి. చక్రం మార్చిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్లలోపు మరోసారి నట్లు బిగించాలి.