యూఎస్ సేల్స్ ట్యాక్స్ ఉద్యోగం: సాఫ్ట్‌వేర్ చేయలేని పని వైపు వెళ్లాలి

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బి.కాం. పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ యూఎస్ సేల్స్ ట్యాక్స్ విభాగంలో ట్రెయినీగా తీసుకుంటామంది. ఆన్‌లైన్ వ్యాపారికి ఏ రాష్ట్రంలో పన్ను బాధ్యత వస్తుంది, వేరేవాళ్లు కమీషన్ కోసం తమ సైట్లలో పెట్టే అఫిలియేట్ లింకుల వల్ల ఎలా వస్తుంది అని ఇంటర్వ్యూలో అడిగితే సరిగా చెప్పలేకపోయిందట. ఇది డేటా ఎంట్రీ పనేనని, సాఫ్ట్‌వేర్ వస్తే పోతుందని బంధువులు అంటున్నారు. చేర్పించమంటారా? ఈఏ (ఎన్‌రోల్డ్ ఏజెంట్, అమెరికా కేంద్ర ప్రభుత్వ పన్నులకు సంబంధించిన గుర్తింపు) కోచింగ్ ఇప్పించాలా?

జవాబు: చేరమనండి. మీ బంధువుల మాటలో సగం నిజముంది. రేటు వెతకడం, రిటర్నులో అంకెలు నింపడం ఇప్పటికే చాలావరకు అవలారా, వెర్టెక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లే చేస్తున్నాయి. కానీ ఏ రాష్ట్రంలో రిజిస్టర్ కావాలి, ఎప్పటినుంచి, ఏ వస్తువుకు పన్ను ఉంది అన్నది ఎవరో ఒకరు తేల్చి సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. అక్కడ తప్పు చెబితే ప్రతి బిల్లులోనూ అదే తప్పు పడుతుంది. మీ అమ్మాయి ఆ తేల్చే పని వైపు వెళ్లాలి. ఇంటర్వ్యూలో అడిగిందీ దాని గురించే.

అమెరికాలో మన జీఎస్టీలా దేశమంతటికీ వర్తించే పన్ను లేదు. 45 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ ఎవరి సేల్స్ ట్యాక్స్ వాళ్లు వేసుకుంటాయి. చాలాచోట్ల కౌంటీలు, నగరాలు పైన తమ వంతు కలుపుతాయి. ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తర్వాత తగ్గించుకునే వీలు) ఉండదు. తిరిగి అమ్మడానికి కొనే వ్యాపారి రీసేల్ సర్టిఫికెట్ ఇచ్చి పన్ను లేకుండా కొంటాడు. జీఎస్టీ చదివిన పిల్లలు మొదట తడబడేది ఇక్కడే. ఆ సర్టిఫికెట్ ఫైల్లో లేకపోతే ఆడిట్‌లో ఆ అమ్మకానికి అమ్మినవాడి మీదే పన్ను వేస్తారు.

ఇక ఇంటర్వ్యూ ప్రశ్న. ‘పన్ను వసూలు చేసి మాకు కట్టు’ అని ఒక రాష్ట్రం వ్యాపారిని అడగాలంటే ఇద్దరి మధ్య ఉండాల్సిన సంబంధమే నెక్సస్. దుకాణమో గోదామో మనుషులో ఆ రాష్ట్రంలో ఉంటేనే అది ఏర్పడుతుందని 1992లో క్విల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆన్‌లైన్ అమ్మకాలు పెరిగేకొద్దీ రాష్ట్రాలకు రాబడి తగ్గింది. దాంతో 2008లో న్యూయార్క్ కొత్త దారి పట్టింది. తమ రాష్ట్రవాసుల వెబ్‌సైట్లలోని కమీషన్ లింకుల ద్వారా గత నాలుగు త్రైమాసికాల్లో అక్కడి కొనుగోలుదారులకు 10,000 డాలర్లకు మించి అమ్మితే, ఆ లింకులు పెట్టినవాళ్లు వ్యాపారి తరఫు ఏజెంట్ల కిందే లెక్క అంది.

వెంటనే ఓవర్‌స్టాక్ అనే ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ న్యూయార్క్ అఫిలియేట్లను, అంటే అలా లింకులు పెట్టేవాళ్లను, వదులుకుంది. అమెజాన్ పన్ను వసూలు చేస్తూనే కోర్టుకెళ్లి, 2013లో ఓడిపోయింది. ఇలాంటి చట్టాలే వచ్చినప్పుడు రోడ్ ఐలాండ్, నార్త్ కరోలినాలలో 2009లో, ఇల్లినాయిస్, కాలిఫోర్నియాలలో 2011లో అమెజాన్ అక్కడి అఫిలియేట్లను తీసేసింది. చట్టం పెట్టింది వ్యాపారికి, రాబడి పోయింది లింకులు పెట్టి బతికేవాళ్లకు. ఇది నిజంగా అన్యాయమే, ఎందుకంటే వాళ్ల కమీషన్ మీద మామూలుగా సేల్స్ ట్యాక్సే ఉండదు, దానిపై కట్టాల్సింది ఆదాయపు పన్ను. న్యూయార్క్ నిబంధన నుంచి బయటపడే మార్గం ఉంది: రాష్ట్రంలో వ్యాపారి తరఫున వేరే ప్రచారం చేయకూడదని ఒప్పందంలో రాయించాలి, అలా చేయలేదని ప్రతి అఫిలియేట్ దగ్గరా ఏటా ధ్రువపత్రం తీసుకోవాలి. ఒప్పందం రాయించి ధ్రువపత్రాలు మరచిపోతే అది పనికిరాదు.

2018 జూన్ 21న వేఫెయిర్ అనే ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో అంతా మారింది. సౌత్ డకోటాలో ఏడాదికి లక్ష డాలర్లకు మించి అమ్మినా, 200 లేదా అంతకంటే ఎక్కువ లావాదేవీలు జరిపినా, అక్కడ మనిషి లేకపోయినా బాధ్యత ఉంటుందన్న అప్పటి చట్టాన్ని కోర్టు సమర్థించింది. దీన్ని ఎకనామిక్ నెక్సస్ అంటారు. సేల్స్ ట్యాక్స్ ఉన్న రాష్ట్రాలన్నీ ఈ దారే పట్టాయి, చివరగా 2023 జనవరిలో మిస్సోరి. అయితే పరిమితులు ఒకేలా లేవు, లెక్కించే తీరూ ఒకేలా లేదు.

ఉదాహరణకు ఒహాయోలో ఒక బట్టల వ్యాపారి ఉన్నాడనుకోండి. టెక్సస్‌కు సొంత సైట్‌లో 3 లక్షల డాలర్లు, అమెజాన్‌లో 2.5 లక్షల డాలర్ల సరుకు 12 నెలల్లో అమ్మాడు. అమెజాన్ అమ్మకాల పన్ను అమెజానే కడుతుంది. అయినా టెక్సస్ తన 5 లక్షల పరిమితికి రెండూ కలుపుతుంది కాబట్టి అతను దాటేశాడు. దాటిన నెల తర్వాత నాలుగో నెల మొదటి తేదీకల్లా పర్మిట్ తీసుకుని సొంత సైట్‌లో వసూలు మొదలుపెట్టాలి. ఆ తర్వాత అమ్మకాలు లేకపోయినా రిటర్ను వేయాల్సిందే, ఆలస్యమైతే ఒక్కోదానికి 50 డాలర్ల జరిమానా. అదే ఫ్లోరిడాకు సైట్‌లో 80 వేలు, అమెజాన్‌లో 70 వేలు అమ్మితే అక్కడి లక్ష డాలర్ల పరిమితి దాటినట్టు కాదు, ఎందుకంటే ఫ్లోరిడా అమెజాన్ భాగాన్ని కలపదు. కానీ అతని సరుకు ఫ్లోరిడాలోని అమెజాన్ గోదాములో ఉంటే ఈ లెక్కతో పనిలేదు, సరుకు ఉండటమే నెక్సస్. తన సరుకు ఏ గోదాముల్లో ఉందో చాలామంది అమ్మకందార్లు చూసుకోరు. మీ అమ్మాయి క్లయింటును మొదట అడగాల్సింది ఇన్వెంటరీ రిపోర్టే.

అతను అమ్మే 40 డాలర్ల టీషర్టుకు టెక్సస్‌లో పన్ను ఉంది. న్యూయార్క్ నగరంలో లేదు, 110 డాలర్లలోపు దుస్తులకు అక్కడ మినహాయింపు. రేటును జిప్ కోడ్‌తో తీయకూడదు, ఒకే జిప్‌లో రెండు పన్ను పరిధులు ఉండొచ్చు. పూర్తి చిరునామా కావాలి.

వసూలు చేయని పన్ను వ్యాపారి జేబులోంచే పోతుంది. 6 శాతం లెక్కన 2 లక్షల డాలర్లకు 12 వేలు, వడ్డీ, జరిమానా వేరే. పాత బకాయి ఉన్నవాళ్లు తామే ముందుకొచ్చి రాష్ట్రంతో చేసుకునే స్వచ్ఛంద వెల్లడి ఒప్పందం ఉంది. సాధారణంగా మూడు నాలుగేళ్ల బకాయితో సరిపెట్టి జరిమానా వదిలేస్తారు. కానీ ముందే తొందరపడి రిజిస్టర్ చేయిస్తే చాలా రాష్ట్రాల్లో ఆ అర్హత పోతుంది. కొత్తవాళ్లు క్లయింటుకు చేసే పెద్ద నష్టం ఇదే.

ఈఏ కోచింగ్‌కు ఇప్పుడు డబ్బు పెట్టకండి. ఆ పరీక్ష ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్నుల మీద, అందులో సేల్స్ ట్యాక్స్ లేదు. ముందు ఎక్సెల్‌లో పివట్, ఎక్స్‌లుకప్, పవర్ క్వెరీ గట్టిగా రావాలి. తర్వాత టెక్సస్, ఫ్లోరిడా, న్యూయార్క్, కాలిఫోర్నియా పన్ను శాఖల సైట్లలో రిమోట్ సెల్లర్ (బయటి రాష్ట్రం నుంచి అమ్మేవాళ్ల) పేజీలు చదివి, పరిమితి, లెక్కించే కాలం, మార్కెట్‌ప్లేస్ (అమెజాన్ లాంటి వేదికల) అమ్మకాలు కలుపుతారా లేదా అన్నవి తానే ఒక పట్టికగా వేసుకోమనండి. పరిమితులు మారుతుంటాయి కాబట్టి చూసిన తేదీ పక్కన రాయాలి. అనుభవం వచ్చాక పన్ను నిపుణుల సంస్థ ఐపీటీ ఇచ్చే సీఎంఐ గుర్తింపు గురించి ఆలోచించవచ్చు.

ఆఫర్ మీద సంతకం పెట్టేముందు రెండు విషయాలు అడగమనండి: రిటర్నుల టీమ్ నుంచి నెక్సస్ స్టడీలు (క్లయింటుకు ఏ రాష్ట్రాల్లో బాధ్యత ఉందో తేల్చే పని), నోటీసులు చూసే టీమ్‌కు ఎన్నాళ్లకు మారుస్తారు, షిఫ్టు వేళలేమిటి. రిటర్నుల గడువు చాలా రాష్ట్రాల్లో నెలలో 20వ తేదీ. డిసెంబర్ అమ్మకాల రిటర్నులు జనవరిలో పడతాయి, సరిగ్గా సంక్రాంతి రోజుల్లోనే. రిటర్నుల టీమ్‌లో ఉన్నన్నాళ్లు పండక్కి సెలవు దొరకడం కష్టం.